జైల్లో ఉన్న స్నేహితుడు, వాలికి రాముడు చెప్పిన మాట



మొన్న శ్రీరామనవమి వీడియోలో భక్త రామదాసు గారి కథ చెప్పుకున్నాం కదా. అందులో ఒక మాట చెప్పకుండా దాటేశాను. కెమెరా ముందు చెప్పే ధైర్యం చాల్లేదు. అందుకే ఇక్కడ రాస్తున్నాను. కాస్త పెద్దదే, ఓపిగ్గా చదవండి.

నాకో స్నేహితుడున్నాడు. ఒకటో తరగతి నుంచి ఇంటర్ దాకా ఇద్దరిదీ ఒకే బెంచీ. పేరు చెప్పను, ఊరు చెప్పను. గోదావరి పక్క పల్లెటూరు అనుకోండి, చాలు. వాడిప్పుడు ఒక సెంట్రల్ జైల్లో యావజ్జీవ శిక్ష అనుభవిస్తున్నాడు. హత్య కేసు. ఈ నవమికి వాడు లోపలికి వెళ్లి 12 ఏళ్లు నిండాయి.

ముందే ఒకటి చెప్పేస్తాను. వాడు నిర్దోషి కాదు. ఎవరో ఇరికించిన కథ కాదిది. పొలం గట్టు తగాదా. రెండడుగుల గట్టు కోసం పక్క పొలం రైతుతో నాలుగేళ్లు గొడవ నడిచింది. ఒక సాయంత్రం మాటా మాటా పెరిగింది, వీడి చేతిలో పలుగు ఉంది. ఆ మనిషి మర్నాడు పొద్దున ఆసుపత్రిలో పోయాడు. ఆయనకి భార్య, ఇద్దరు పిల్లలు. ఇందులో దాచడానికి ఏమీ లేదు. కోర్టులో వాడే ఒప్పుకున్నాడు.

ఇలాంటి మనిషి గురించి ఒక భక్తి ఛానెల్లో ఎందుకు అంటారా? పదకొండేళ్లు నేనూ అదే అనుకున్నాను. ఆ పదకొండేళ్లలో ఒక్కసారి కూడా వాణ్ణి చూడ్డానికి వెళ్లలేదు.

పందిరి కింద పెరిగిన ఇద్దరం

మా ఊళ్లో నవమికి తొమ్మిది రోజులూ భజన మందిరం ముందు తాటాకు పందిరి వేసేవారు. ఆకులు మోయడం మా ఇద్దరి డ్యూటీ. భజనలో వాడు తాళాలు వేసేవాడు, నేను గొంతు కలిపేవాణ్ణి. నిజం చెప్పాలంటే నాకు తాళజ్ఞానం లేదు. నేను తప్పితే వాడు ఎవరికీ తెలియకుండా తాళం నెమ్మదించి నన్ను మళ్లీ దారిలో పెట్టేవాడు. నవమి రోజు పానకం కలిపేది వాడే. బెల్లం నానబెట్టి, మిరియాలు దంచి, యాలకులు వేసి, పెద్ద గంగాళంలో కలిపి, మొదటి గ్లాసు రాముడికి, రెండోది నాకు ఇచ్చేవాడు.

తర్వాత నేను హైదరాబాద్ వచ్చేశాను. చదువు, ఉద్యోగం, ఆ తర్వాత ఈ ఛానెల్. వాడు ఊళ్లోనే వ్యవసాయంలో ఉండిపోయాడు.

ఆ సంఘటనకి వారం ముందు వాడు నాకు ఫోన్ చేశాడు. "ఈసారి వాణ్ణి వదలన్రా" అన్నాడు. నేను ఆఫీసులో మీటింగ్‌కి వెళ్తూ నవ్వేశాను. "నీకెప్పుడూ ఇదే గోల. సాయంత్రం చేస్తా, ఉండు" అని పెట్టేశాను. సాయంత్రం చెయ్యలేదు.

భర్తృహరి తన నీతి శతకంలో మంచి మిత్రుడికి ఆరు లక్షణాలు చెప్పారు. పాపం చెయ్యకుండా ఆపుతాడు. మేలైన పనిలో పెడతాడు. రహస్యాన్ని దాస్తాడు. మంచి గుణాల్ని నలుగురికీ చెప్తాడు. ఆపదలో ఉన్నప్పుడు విడిచిపెట్టడు. అవసరం వచ్చినప్పుడు ఇస్తాడు. ఈ ఆరింటి మీద నేను ఒక వీడియో కూడా చేశాను, ఫ్రెండ్‌షిప్ డే రోజున. మీలో చాలామంది షేర్ చేశారు. ఆ వీడియో చేస్తున్నప్పుడు నాకు లోపల ఎలా ఉందో నాకే తెలుసు. మొదటి లక్షణం దగ్గరే నేను తప్పాను. ఫోన్లో నవ్వాను. అయిదో దాంట్లోనూ తప్పాను. వాడు ఆపదలో పడ్డాక ఒక్క అడుగు కూడా వెయ్యలేదు. పైగా ఛానెల్ కాస్త పెరిగాక ఇంకో భయం పట్టుకుంది. ఈయన స్నేహితుడు హంతకుడట అని ఎవరైనా అంటారేమోనని.

"సంబంధం" అనే గడి

పోయిన ఏడాది వాళ్లమ్మ ఫోన్ చేసింది. చిన్నప్పటి నుంచి పిన్నీ అని పిలుస్తాను ఆవిణ్ణి. పదకొండేళ్లుగా నెల తప్పకుండా రెండు బస్సులు మారి కొడుకుని చూసొచ్చేది. "బాబూ, మోకాళ్లు ఇంక బస్సెక్కనివ్వట్లేదు. ఈ నెలకి నువ్వు వెళ్లొస్తావా?" అని అడిగింది. ఇన్నాళ్లూ ఎందుకు వెళ్లలేదని మాత్రం అడగలేదు. అడిగి ఉంటే ఏదో ఒక సాకు చెప్పేవాణ్ణేమో. అడగలేదు కాబట్టి వెళ్లాను.

జైలు గేటు దగ్గర ములాఖత్ ఫారం ఇచ్చారు. ఖైదీ పేరు, నంబరు, నా ఆధార్. కింద ఒక గడి: సంబంధం. నా ముందున్న ఆవిడ "భార్య" అని రాసింది. ఆమె వెనకాల నేను పెన్ను పట్టుకుని నిలబడిపోయాను. స్నేహితుడు అని రాయడానికి నాకున్న హక్కేంటి? వెనక లైన్లో వాళ్లు తొందరపెడుతున్నారు. రాశాను. ఆ రోజు నేను రాసిన ఆ ఒక్క మాటకి తగ్గట్టు ఉండాలనే ఇప్పటికీ ప్రయత్నిస్తున్నాను.

భద్రాచలం తలంబ్రాల పొట్లం ఒకటి తీసుకెళ్లాను. లోపలికి పంపడం కుదరదన్నారు. రూలు రూలే. పొట్లం జేబులో పెట్టుకునే కూర్చున్నాను. మధ్యలో అద్దం, ఇటు ఒక ఫోన్, అటు ఒక ఫోన్. వాడొచ్చాడు. జుట్టు సగం నెరిసింది. నన్ను చూసి ఫోన్ ఎత్తి మొదట అడిగింది ఏంటో తెలుసా? "తాళం కుదిరిందా ఇప్పుడైనా?" అని. నాకు మాట రాలేదు.

కాసేపటికి తేరుకుని, ఊరడిద్దామని నాకలవాటైన పని చేశాను. ప్రవచనం మొదలుపెట్టాను. "రామదాసు గారు కూడా పన్నెండేళ్లు గోల్కొండ చెరసాలలో ఉన్నారు కదరా. రాముడు ఆయన్ని వదిలేశాడా? నిన్నూ వదలడు" అన్నాను.

వాడు నన్ను ఆపాడు. "ఒరేయ్, ఆయనతో నన్ను పోల్చకు. ఆయన గుడి కట్టి జైలుకెళ్లాడు. నేను ఒకళ్ల ఇల్లు కూల్చి వచ్చాను. రెండూ ఒకటి ఎలా అవుతాయి? ఇక్కడ చాలామందికి ఆ కథ చెప్పుకుంటే హాయిగా ఉంటుంది. నాకు మాత్రం ఉండదు. నాలాంటివాడికి ఏదైనా కథ ఉంటే చెప్పు."

ఆలోచించండి. పన్నెండేళ్ల బట్టీ ప్రవచనాలు నా దగ్గరున్నాయి, వాడి ప్రశ్నకి జవాబు లేదు. కంచర్ల గోపన్న గారు పాల్వంచ పరగణా తహసీల్దారు. వసూలైన సొమ్ముతో భద్రాద్రి గుడి కట్టించి తానీషా చెరలో పడ్డారు. చివరికి రామోజీ, లక్ష్మోజీ పేర్లతో అన్నదమ్ములిద్దరూ వచ్చి 6 లక్షల మొహరీలు కట్టి విడిపించారని మన పెద్దలు చెప్తారు. గోల్కొండ కోటకి వెళ్తే ఇప్పటికీ ఆ బందీఖానా, గోడ మీద ఆయన చెక్కారని చెప్పే రామలక్ష్మణుల, ఆంజనేయుల రూపాలు చూడొచ్చు. గొప్ప కథ. కానీ అది భగవంతుడి పని చేసి బాధపడ్డవాడి కథ. నిజంగానే తప్పు చేసినవాడి మాటేంటి? వాడికి మన పురాణాల్లో చోటుందా?

అరగంట అయిపోయింది. బెల్ కొట్టారు. జవాబు లేకుండానే బయటికొచ్చాను.

వాలి దగ్గర రాముడు

ఇంటికొచ్చి కిష్కింధకాండ తీశాను. వాలి వధ ఘట్టం. మనం ఈ ఘట్టం వచ్చిందంటే చాలు, చెట్టు చాటు నుంచి కొట్టడం న్యాయమా కాదా అని వాదించుకుంటాం. ఆ చర్చ ఇంకోసారి చేద్దాం. ఈసారి ఆ తర్వాత జరిగింది చూడండి.

వాలి నేల మీద పడి ఉన్నాడు. రాముణ్ణి నిలదీశాడు. రాముడు తప్పించుకోలేదు, దగ్గరికొచ్చి జవాబు చెప్పాడు. బతికున్న తమ్ముడి భార్యని నువ్వు తెచ్చుకున్నావు, అది అధర్మం, దానికిది దండన అన్నాడు. తప్పుని తప్పు అని స్పష్టంగా చెప్పాడు. స్నేహంగా ఉందామని మెత్తబరచలేదు.

కానీ అదే 18వ సర్గలో ఇంకో మాట కూడా అంటాడు. పాపం చేసినవాళ్లు రాజు విధించిన దండనని అనుభవిస్తే నిర్మలులవుతారు, పుణ్యం చేసిన సజ్జనుల్లాగే స్వర్గానికి వెళ్తారు అని. ఇది తన సొంత మాట కాదని, మనువు చెప్పిందని కూడా అంటాడు. మనుస్మృతి ఎనిమిదో అధ్యాయంలో ఈ భావమే ఉంటుంది.

ఈ మాట నేను ఎన్నోసార్లు చదివాను. ఎప్పుడూ ఆగలేదు. ఆ రాత్రి ఆగిపోయాను. శిక్ష అంటే మనిషిని పారెయ్యడం కాదని, మాసినదాన్ని ఉతకడమని రాముడే చెప్తున్నాడు. కోర్టు వాడికి శిక్ష వేసింది. వాడు అనుభవిస్తున్నాడు. మరి నేను? నేనెవర్ని, దాని పైన ఇంకో శిక్ష వెయ్యడానికి? పదకొండేళ్ల ఎడబాటు ఏ జడ్జీ రాయలేదు. అది నేను వేసిన శిక్ష.

ఇక్కడ చాలామందికి తెలియని విషయం ఒకటి చెప్తాను. యావజ్జీవం అంటే 14 ఏళ్లే అనుకుంటాం, సినిమాల వల్ల. కాదు. యావజ్జీవం అంటే మిగిలిన జీవితమంతా అని సుప్రీంకోర్టు 1961లోనే గోపాల్ గాడ్సే కేసులో చెప్పింది. వాడిలాంటి కేసుల్లో 14 ఏళ్లు నిజంగా లోపల గడిపితేగానీ ప్రభుత్వం శిక్ష తగ్గించి విడుదల చెయ్యడానికి వీల్లేదని 1978లో చట్టంలో చేర్చారు. 14 నిండితే విడుదల హక్కు అని కాదు, అప్పుడు ఆలోచించవచ్చు అని మాత్రమే. అంటే వాడికి తేదీ లేదు. నవమికి ఇంటికొస్తాను అని చెప్పుకోవడానికి ఏ నవమో తెలియదు. అలాంటి మనిషికి నెలకో మొహం కనిపించడం ఎంత పెద్ద విషయమో మనకి అర్థం కాదు.

సరే, వాలి దగ్గరికి వద్దాం. రాముడి జవాబు విన్నాక వాలి చేతులు జోడించి ఒప్పుకున్నాడు. తన ప్రాణం కోసం అడగలేదు. "నా కొడుకు అంగదుడు చిన్నవాడు, వాణ్ణి కాపాడు" అన్నాడు. తారకి అవమానం జరక్కుండా చూడమన్నాడు. రాముడు మాటిచ్చాడు. ఆ మాట నిలబెట్టుకున్నాడు. అంగదుడు యువరాజయ్యాడు. తర్వాత లంకలో రావణుడి సభకి రాయబారిగా పంపింది ఎవర్ని? ఆ అంగదుణ్ణే. దండన వేసిన చేత్తోనే బాధ్యత కూడా తీసుకున్నాడు.

ఇంకొకటి గమనించండి. తార ఏడుస్తుంటే రాముడు "న్యాయం జరిగింది కదా" అని పక్కకి తప్పుకోలేదు. తార రోదన మధ్య, సుగ్రీవుడి విలాపం విని ఆయన కళ్లల్లోనూ నీళ్లు తిరిగాయని, కాసేపు మనసు చెదిరిందని వాల్మీకి 24వ సర్గలో చెప్తారు. న్యాయం జరిగినా ఒక ఇల్లాలి దుఃఖం తీరిపోదు. అది రాముడికి తెలుసు.

తర్వాతి నెల ములాఖత్‌లో ఇదంతా వాడికి చెప్పాను. శ్రద్ధగా విన్నాడు. చివర్లో ఒక్కటే అడిగాడు. "దండన నా పాపాన్ని కడుగుతుంది, సరే. ఆవిడకి పోయింది తిరిగొస్తుందా?"

రాదు అన్నాను.

"అదేరా" అన్నాడు.

తీసుకోని ఉత్తరం

రెండు వారాలకి జైలు నుంచి నాకో కవరు వచ్చింది. అక్కడి ఉత్తరాలు అధికారులు చూశాకే బయటికొస్తాయి. లోపల నాకు రాసిన నాలుగు లైన్లు, మడతపెట్టిన ఇంకో కాగితం. ఆ కాగితం ఆవిడకి. చనిపోయిన రైతు భార్యకి. క్షమించమని అడగడానికి కూడా అర్హత లేదని తెలుసు, అయినా ఒక్కసారి అడగాలనుంది, ఇవ్వగలవా అని నన్నడిగాడు.

వెంటనే ఊరెళ్లి ఇచ్చేద్దామనిపించింది. ఆగాను. పన్నెండేళ్లు కష్టపడి పిల్లల్ని పెంచుకున్న మనిషి ఇంటికి, హంతకుడి స్నేహితుడు చేతిలో కాగితంతో వెళ్లి నిలబడొచ్చా? భజన మందిరం పెద్దాయన ఒకరున్నారు, ఆ ఇంటికి కావలసినవారు. ఆయన ద్వారా అడిగించాను. ఇలా ఒక ఉత్తరం ఉంది, ఇష్టమైతేనే ఇస్తాం అని.

ఆవిడ జవాబు పెద్దాయన ఫోన్లో చెప్పారు. "అతను బతికున్నాడు కాబట్టి ఉత్తరం రాశాడు. మా ఆయన రాయలేడు కదండీ. నాకొద్దు."

అంతే. ఆ మాటకి ఎదురు చెప్పే శ్లోకం ఏదీ లేదు. ఉండకూడదు కూడా.

మిత్రులారా, ఇక్కడే మనం, భక్తులం, ఎక్కువగా పొరపాటు చేస్తాం. క్షమ గొప్ప గుణం అని బాధపడ్డవాళ్లకే బోధిస్తాం. క్షమించేస్తే మీకే మనశ్శాంతి అంటాం. అడగడం తప్పు చేసినవాడి ధర్మం. ఇవ్వాలా వద్దా అన్నది నష్టపోయిన మనిషి ఇష్టం. ఆవిడ ఇవ్వకపోతే ఆవిడ భక్తి తక్కువైపోదు. తారని ఏడవొద్దు అని అక్కడ తొందరపెట్టినవాళ్లు ఉన్నారేమోగానీ, రాముడు మాత్రం ముందు అక్కడి దుఃఖానికి తను కరిగాడు.

వాడికి ఈ సంగతి ఎలా చెప్పాలా అని ఆ నెలంతా మథనపడ్డాను. ఉన్నది ఉన్నట్టు చెప్పాను. వాడు చాలాసేపు ఫోన్ చెవికి పెట్టుకుని అలాగే ఉన్నాడు. తర్వాత అన్నాడు: "సరిగ్గా చెప్పింది. ఆ కాగితం నీ దగ్గరే ఉంచు. ఎప్పుడైనా అడిగితే ఇవ్వు. అడక్కపోతే నీతోనే పోనీ." మళ్లీ కాసేపాగి, "వాళ్ల పెద్దబ్బాయి చదువుతున్నాడా?" అన్నాడు. ఇంజనీరింగ్ రెండో సంవత్సరం అని పెద్దాయన చెప్పిన మాట చెప్పాను. తలూపి గోడ వైపు తిరిగాడు.

ఆ రోజు ఇంటికొచ్చాక పిన్నికి ఫోన్ చేశాను. మాటల్లో ఆవిడ ఇంకో సంగతి చెప్పింది. ఆ రెండడుగుల గట్టుని లోపలికెళ్లిన మొదటి ఏడాదే వాళ్లకి వదిలేయమన్నాడట వాడు. సర్వేయర్ని పిలిపించి రాళ్లు కూడా పాతించారట. ఎవరికీ చెప్పొద్దన్నాడట. నాకూ చెప్పలేదు.

నేను పదకొండేళ్లు వీడియోల్లో ప్రాయశ్చిత్తం అనే మాట ఎన్నిసార్లు వాడానో లెక్కలేదు. అసలు ప్రాయశ్చిత్తం ఆ పొలం గట్టు మీద నాలుగు రాళ్లలో ఉంది.

మనం చేయగలిగింది

ఇదంతా చదివి, అయితే జైల్లో ఉన్నవాళ్లందరూ మంచివాళ్లేనా గురువుగారూ అని అడగకండి. నేను అలా అనలేదు. అందరికీ శిక్ష తగ్గించాలి అనీ అనలేదు. అది కోర్టులు, ప్రభుత్వాలు చూసుకుంటాయి. నేను చెప్పేది ఒక్కటే. తప్పుని తప్పు అనడానికీ, ఆ మనిషి చెయ్యి వదలకపోవడానికీ మధ్య గొడవేమీ లేదు. రాముడు వాలి దగ్గర రెండూ చేశాడు. మనకే ఒకటి చేస్తే రెండోది చెయ్యకూడదనే అపోహ.

అందుకని ఈ వారం సాధనగా మూడు పనులు పెట్టుకుందాం.

మొదటిది. మీ స్నేహితుల్లో ఎవరైనా ఫోన్ చేసి "వాణ్ణి వదలను", "నాకింక బతకాలని లేదు" లాంటి మాట అంటే నవ్వెయ్యకండి. మీటింగ్ తర్వాత చేస్తానని పెట్టెయ్యకండి. ఆ పది నిమిషాలు కూర్చోండి. అవసరమైతే బస్సెక్కి వెళ్లండి. నేను ఆ సాయంత్రం ఫోన్ చేసి ఉంటే ఏమయ్యేదో నాకు తెలియదు. చెయ్యలేదన్నది మాత్రం తెలుసు.

రెండోది. సిగ్గుతోనో, నలుగురూ ఏమనుకుంటారోననో మీరు వదిలేసిన మనిషి ఎవరైనా ఉంటే ఒక్క అడుగు వెయ్యండి. పోనీ, ఒక ఉత్తరం రాయండి. వెళ్లి ఉపదేశాలు చెయ్యొద్దు. నాలాగా కథలు మొదలుపెట్టొద్దు. ఊరికే కూర్చోండి.

మూడోది. ఆ మనిషి కోసం దేవుడి ముందు దీపం పెట్టినప్పుడు, వాళ్ల వల్ల నష్టపోయినవాళ్లని ముందు తలుచుకోండి. నేనిప్పుడు రోజూ సంధ్యాదీపం దగ్గర ముందు ఆ తల్లినీ, ఆ ఇద్దరు పిల్లల్నీ తలుచుకుంటాను. తర్వాతే వాడి పేరు. ఆ వరస మార్చను.

ఈ నవమికి జైల్లో కూడా చిన్న పటం పెట్టి పూజ చేశారట. పానకం కలిపింది వాడే. బెల్లం సరిపోలేదు, మిరియం ఘాటెక్కువైంది అన్నాడు. నేను మా అపార్ట్‌మెంట్ పందిట్లో గ్లాసు పట్టుకున్నప్పుడు మొదటి గ్లాసు రాముడి దగ్గర పెట్టి, రెండోది అలాగే పక్కన పెట్టాను. మా అమ్మాయి "ఇది ఎవరికి నాన్నా?" అని అడిగింది.

"మా ఫ్రెండ్‌కి" అన్నాను. ఈసారి ఆ మాట అనడానికి తడుముకోలేదు.

వచ్చే శనివారం సుందరకాండ మూడో భాగంతో కలుద్దాం. అందరికీ శ్రీరామరక్ష.

జై శ్రీరామ్.